వంత అడిగే ప్రశ్న

మార్టూరులో తొమ్మిదో తరగతి చదువుతున్న చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

హైస్కూలు పిల్లలు మాటనేర్పు గురించి అడిగినప్పుడు పెద్దలు సాధారణంగా ఇచ్చే సలహాలు మూడు: ధైర్యంగా మాట్లాడమంటారు, ఇంగ్లీషు బాగా నేర్చుకోమంటారు, వేదిక ఎక్కడానికి జంకవద్దంటారు. ఈ మూడింటిలోనూ తప్పు లేదు గాని, మూడూ మాట్లాడే మనిషి వైపు నుంచి ఆలోచించి చెప్పినవే. వినే మనిషికి ఆ మాట అందిందా, అందిన మాటతో అతడు ఏమైనా చేయగలిగాడా అన్న విచారణ వాటిలో లేదు. ఒకరి మనసులోని విషయాన్ని మరొకరి మనసుకు చెడకుండా చేర్చడాన్ని భావప్రసారం అంటారు. అందులో వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అనే నాలుగు పనులు కలిసి ఉంటాయి. పరీక్షలు చివరి రెండింటినే ఎక్కువగా కొలుస్తాయి కాబట్టి మొదటి రెండూ, ముఖ్యంగా వినడం, ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తాయన్న అపోహ బడిలోనూ ఇంటిలోనూ పాతుకుపోయింది. వినేవారికి అర్థమయ్యేలా చూడటం చెప్పేవారి పూచీ అన్నదే ఈ లేఖకు ఆధారమైన అభిప్రాయం. ఆ పూచీని తలకెత్తుకున్న పిల్లకు తక్కిన నేర్పులు కాస్త ఆలస్యంగానైనా వచ్చి చేరతాయి.

గుంటూరు సీమలో ఈ పూచీని ఒక కళగానే తీర్చిదిద్దినవారు బుర్రకథ చెప్పేవారు. బుర్రకథ దళంలో ముగ్గురు ఉంటారు. నడుమ నిలబడే కథకుడు భుజాన తంబురా వేసుకుని, వేళ్ళకు అందెలు, అంటే లోపల గుళ్ళు కదిలి మోగే లోహపు కడియాలు తొడుక్కుని కథ నడుపుతాడు. అతనికి అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ నిలబడే ఇద్దరినీ వంతలు అంటారు. వంతల్లో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం, అంటే పాత కథను నేటి ఊరి సంగతులకు ముడిపెట్టే పని. తాళానికి వంత పాడటం, ‘తందాన తాన’ అనడం పైకి కనిపించే పనులు. వంతల అసలు ప్రయోజనం కథకుణ్ణి సమయానికి ఆపడంలో ఉంది. ఎవరీ రాజు, ఎందుకొచ్చింది ఆ పోరు, ఆ కాలంలో అలా ఎలా జరిగిందని వంత అడిగే ప్రశ్న నిజానికి చాప మీద కూర్చున్న ముసలమ్మ మనసులో పుట్టి, సిగ్గు వల్లనో సందడి వల్లనో బయటికి రాని ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాకే కథకుడు ముందుకు కదులుతాడు కాబట్టి పలకా బలపం పట్టనివారు కూడా తెల్లవారుజాము దాకా కథ వెంట నడవగలిగారు.

పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను కొత్త కాలానికి పనికివచ్చేలా మలిచారు. 1940ల్లో ప్రజానాట్యమండలి అనే కళాకారుల సంఘంతో కలిసి ఊరూరా తిరిగిన ఆయన పల్నాటి యుద్ధం వంటి తెలిసిన కథలనే కాక, బెంగాల్ కరువు వంటి దూరదేశపు దుఃఖాన్ని కూడా ఈ మెట్ట పొలాల రైతుకూలీలకు తమ ఇంటి కష్టంలా తోచేటట్టు చెప్పారు. 1986లో పద్మశ్రీ అందుకున్న నాజర్ 1997లో కన్నుమూశారు. ఆయన గొంతును, అడుగులను మెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. దళంలో ప్రశ్న అడిగే మనిషికి కథకుడితో సమానంగా వేదిక మీద చోటిచ్చిన ఆ కట్టుబాటును మాత్రం విద్యావేత్తలు పట్టించుకోవలసినంత పట్టించుకోలేదు. హైస్కూలు పిల్లలు చేయదగిన మొదటి సాధన అక్కడే దొరుకుతుంది. ముగ్గురు స్నేహితురాళ్ళు కూడి, ఒకరు ఆ రోజు విన్న పాఠాన్ని పుస్తకం మూసి చెబుతూ ఉంటే, రెండోవారు అర్థం కానిచోట ఆపి అడుగుతూ, మూడోవారు ఆ పాఠం మార్టూరులో ఎక్కడ కనిపిస్తుందో వెతికి కలుపుతూ పోవాలి. పీడనం అన్న పాఠం ట్రాక్టరు టైరు దాకా, పరిశ్రమల పాఠం జాతీయ రహదారి పక్కన గ్రానైటు బండలను కోసే ఫ్యాక్టరీల దాకా వస్తే తప్ప చెప్పే పిల్లకు పాఠం వచ్చిందని అనుకోకూడదు. కొంతకాలం ఇలా సాగాక, పక్కన స్నేహితురాలు లేకపోయినా ప్రశ్న దానంతటదే మనసులో లేస్తుంది. రాసేటప్పుడూ మాట్లాడేటప్పుడూ లోపల ఒక వంత నిలబడి ఉండటమే భావప్రసారంలో మొదటి మెట్టు.

వినడంలోకి వస్తే, దానికి సాధన స్థలం బడి కన్నా ఇల్లే. పత్తి, మిరప పండించే ఇళ్ళలో ప్రతి ఏడాదీ బయటి నుంచి రకరకాల సమాచారం వస్తుంది: కొంత అధికారి నోటి నుంచి, కొంత పురుగుమందుల కొట్టు నుంచి, కొంత యార్డులో కమిషన్ వ్యాపారి నుంచి. అది ఇంటికి చేరేలోపు సగం రాలిపోతుంది, మిగిలిన సగం రూపు మారుతుంది. భారత పత్తి సంస్థ, అంటే రైతులు సీసీఐ అని పిలిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ, మద్దతు ధరకు పత్తి కొనేటప్పుడు పాటించే తేమ నిబంధన ఇందుకు మంచి ఉదాహరణ. పత్తిలో తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి ధర వస్తుంది. 8 దాటి 12 వరకు ఉంటే పెరిగిన తేమను బట్టి ధర తగ్గుతుంది. 12 దాటితే కొనరు. మూడు ముక్కల్లో చెప్పగలిగిన ఈ నిబంధనలో నడిమి ముక్క జారిపోయి, తేమ ఉంటే సీసీఐ కొనదట అన్న మాట ఇంటికి చేరితే, తొమ్మిది శాతం తేమ ఉన్న పత్తిని కూడా రైతు దారిలోనే తక్కువ ధరకు తెగనమ్ముకుంటాడు. చెప్పినవారు అబద్ధం చెప్పలేదు, విన్నవారు చెవులు మూసుకోలేదు; విన్నదాన్ని తిరిగి చెప్పి సరిచూసుకునే అలవాటు ఇద్దరికీ లేదు, అంతే. ఎవరైనా ఒక నిబంధనో దారో లెక్కో చెప్పినప్పుడు, అలాగే అని తల ఊపే ముందు, అంటే ఫలానా అయితే ఇలా, ఫలానా అయితే అలా, అంతేనా అండీ అని సొంత మాటల్లో తిరిగి చెప్పడం చదువుకునే పిల్ల వెంటనే అలవరచుకోవలసిన పద్ధతి. వింటూ ఊ కొట్టడం తెలుగువారికి పుట్టుకతో వచ్చిన మర్యాద; ఆ ఊ తరవాత ఈ ఒక్క వాక్యం కూడా చేరితే మర్యాద కాస్తా విద్య అవుతుంది.

చదివి చెప్పడంలో ఇంతకన్నా బరువైన పని ఇంటి మూలన ఉన్న పురుగుమందు డబ్బా మీద ఉంటుంది. ప్రతి డబ్బా మీదా కోణం పైకి నిలిపిన చతురస్రం ఒకటి, రెండు త్రిభుజాలుగా విడదీసి ముద్రించి ఉంటుంది. కింది త్రిభుజంలోని రంగు ఆ మందు ఎంత విషపూరితమో తెలుపుతుంది. ఎరుపు అన్నిటికన్నా తీవ్రమైనది. ఆ తరవాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇక్కడ అపార్థానికి తావు ఎక్కువ. రహదారి మీద ఆకుపచ్చ వెలిగితే ధైర్యంగా పోవచ్చని కన్ను అలవాటు పడి ఉంటుంది కాబట్టి, డబ్బా మీది ఆకుపచ్చను చూసి ఏ ప్రమాదమూ లేదనుకోవడం సహజం. దాని అర్థం విషం తక్కువని మాత్రమే, లేదని కాదు. డబ్బాతో పాటు మడతలు పెట్టి ఇచ్చే కాగితంలో ఎకరానికి ఎంత కలపాలి, ఒంటి మీద పడితే ఏం చేయాలి, చివరిసారి మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలి అన్న వివరాలు తెలుగులో కూడా ఉంటాయి గాని, ఆ చిన్న అక్షరాలు పట్టుకుని చదివే ఓపిక పొద్దున్నే పొలానికి బయలుదేరే మనిషికి ఉండదు. 2021–22లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చిపెట్టినప్పుడు ఏ మందు ఎంత కొట్టాలో తెలియని అయోమయంలో రైతులు ఎన్ని మందులు కలిపి కొట్టారో ఈ మైదానాల్లో తెలియని ఇల్లు లేదు. కాగితంలోని నలభై పంక్తులను నాన్నకు పనికివచ్చే నాలుగు మాటలుగా కుదించి, ఏదీ తప్పిపోకుండా, ఏదీ పెంచకుండా చెప్పగలగడం ఏ వక్తృత్వ పోటీ బహుమతి కన్నా గట్టి పరీక్ష. కుదించేటప్పుడు ఏది వదలాలన్న నిర్ణయంలోనే చెప్పేవారి తెలివి బయటపడుతుంది: కంపెనీ పొగడ్తలు వదిలేయవచ్చు, కోతకు ముందు ఆగవలసిన రోజులు వదలకూడదు.

ఈ సందర్భంలో ఆడపిల్లల విషయం విడిగా చెప్పక తప్పదు. ఇంట్లో పెద్దల మాటకు అడ్డు తగలడాన్ని ఎదురు చెప్పడం అంటారు, అది తప్పని చిన్నప్పటి నుంచి నేర్పుతారు. ఆ నేర్పడంలో ప్రశ్న అడగడాన్ని కూడా ఎదురు చెప్పడంలో కలిపేయడం వల్ల, తరగతిలో అన్నీ తెలిసిన పిల్ల కూడా చేయెత్తడానికి భయపడే స్థితి వస్తుంది. ఎదురు చెప్పడం అవతలివారి మాటను కొట్టివేయడం. ప్రశ్నించడం ఆ మాటను మరికొంత విప్పమని కోరడం. రెండింటికీ తేడా గొంతులోనూ వరసలోనూ కనిపిస్తుంది. నాయనా, తేమ ఎంతుందో కొలిపించావా అన్న మాటలో గౌరవానికి లోటేమీ లేదు. పెద్దల వైపు నుంచి చూస్తే, ఆ ప్రశ్నకు విసుక్కునే తండ్రి తన కూతురు రేపు ఇంటర్వ్యూలో గడగడా మాట్లాడాలని కోరుకునే హక్కును కొంత పోగొట్టుకుంటాడు.

గుమిగూడిన జనంతో మాట్లాడటం వేరే విద్య. దానికి దగ్గరి ఉదాహరణ మార్టూరుకు ఎంతో దూరంలో లేని చీరాలలో ఉంది. 1889లో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అక్కడ రామదండు అనే స్వచ్ఛంద సేవాదళాన్ని తయారు చేశారు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘం చేయడంతో పన్నులు అనేక రెట్లు పెరిగి, నేత పనితో బతికే జనానికి మోయలేని భారమయ్యాయి. 1921లో ఆయన మాట మీద జనం ఇళ్ళు విడిచి, పురపాలక హద్దు దాటి, రామనగరం అని పేరు పెట్టుకున్న పాకల్లో దాదాపు 11 నెలలు ఉన్నారు. ఎండకూ వానకూ పిల్లాపాపలతో పాకల్లో ఉండటానికి ఒప్పించిన ఆ మాటలో ఏముందని పరిశీలిస్తే, ఇంగ్లీషు చదువు తెచ్చిన పాండిత్యం కన్నా జానపద కళల మీద ఆయనకున్న పట్టు, చమత్కారం, పురాణాల పరిచయం ఎక్కువగా కనిపిస్తాయి. పన్ను నిరాకరణ అన్న రాజకీయ భావన కొత్తది. రాముడు, దండు, అడవి ప్రతి ఇంటికీ తెలిసినవి. తెలియనిదాన్ని తెలిసినదానితో కట్టి చెప్పడం ఆయన పద్ధతి. అయితే ఈ ఉదాహరణను పొగడ్తతో ఆపేస్తే చదువు సగమే అవుతుంది. నిషేధాన్ని లెక్కచేయకుండా బరంపురంలో ప్రసంగించినందుకు గోపాలకృష్ణయ్య జైలుపాలయ్యాక ఉద్యమం నీరసించి, జనం తిరిగి పాత ఇళ్ళకు చేరారు. ఒక్క గొంతు మీద నిలిచిన కూటమికి ఆ గొంతు దూరమైతే వచ్చే కష్టం అది. తరగతి నాయకురాలైన పిల్ల అన్నీ తానే మాట్లాడకుండా వెనక బెంచీ పిల్లతో కూడా మాట్లాడించాలనడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

ఇంగ్లీషు గురించి ఉన్న బెంగను ఇంత దూరం వాయిదా వేయడం కావాలని చేసినదే. ప్రభుత్వ పాఠశాలలకు వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో అదే పాఠం ఇంగ్లీషులో ఉంటాయి. ఇంత మంచి సాధనాన్ని పరీక్ష ముందు రోజు జవాబులు వెతకడానికి మాత్రమే వాడటం వృథా. తెలుగు పుట చదివి, పుస్తకం మూసి, తెలిసిన కొద్దిపాటి ఇంగ్లీషులోనే ఆ విషయాన్ని బయటికి చెప్పి, ఆ తరవాత ఎదుటి పుట తెరిచి తేడా చూసుకుంటే, ఏ మాట తెలియక ఆగిపోయిందో ఆ మాటే మనసులో నాటుకుంటుంది. దీనికి భిన్నంగా, తన పేరు, ఊరు, అభిరుచులు ఇంగ్లీషులో బట్టీపట్టి అప్పజెప్పే పిల్లను మధ్యలో ఒక చిన్న ప్రశ్న అడిగితే నోరు పెగలదు. ఆ అప్పజెప్పడంలో వినేవారికి చోటు లేదు గనక. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు సవర గిరిజనుల మధ్య తిరిగి, వారి నోట విని, ఆ భాష నేర్చుకుని, వారి పిల్లల కోసం పుస్తకాలు రాసి బడులు నడిపారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే బడులు ఆ రోజు పద్యాల పోటీతో సరిపెట్టకుండా, గ్రానైటు ఫ్యాక్టరీలకు ఉత్తరాది నుంచి పనికి వచ్చినవారి భాషలో నాలుగు మాటలు నేర్చి పలకరించమని పిల్లలకు చెబితే గిడుగు పంతులుకు నచ్చేదని ఊహించవచ్చు.

రాత విషయంలో చెప్పవలసింది తక్కువ. మార్టూరు పొరుగునే ఉన్న అద్దంకిలో దొరికిన 848 నాటి పండరంగని శాసనం తెలుగు పద్యానికి అతి పాత సాక్ష్యాల్లో ఒకటని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఎవరు, ఎప్పుడు, ఏం గెలిచారు అన్నవన్నీ ఒక్క తరువోజ పద్యంలో ఇముడ్చుకున్న క్లుప్తత దాని మరో గొప్ప. రాయి మీద చెక్కే మనిషికి ప్రతి అక్షరమూ చెమటే కాబట్టి అనవసరమైన మాట పడదు. ఈ కాలంలో అలాంటి క్రమశిక్షణ నేర్పగలది దరఖాస్తు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ కార్యాలయాన్ని తెలుగులోనే అడగవచ్చు, ఎందుకు అడుగుతున్నామో చెప్పనక్కరలేదు, మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. అయితే మా ఊరి రోడ్డు ఎందుకు బాగాలేదు అని రాస్తే జవాబు రాదు. ఫలానా రోడ్డుకు ఫలానా సంవత్సరంలో ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని అడిగితే వస్తుంది. నాన్న పేర అలాంటి దరఖాస్తు ఒకటి రాసిపెట్టిన పిల్లకు ఆరోపణకూ ప్రశ్నకూ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. రాయలేని మనిషి నోటితో అడిగితే ఆ మాటలను కాగితం మీద పెట్టడానికి అధికారి సాయం చేయాలని ఆ చట్టంలోనే ఉంది. అవతలివారికి మాట అందేలా చూసే పూచీని చట్టం కూడా గుర్తించిందన్నమాట.

వేదిక భయానికి మందు అవధానంలో ఉంది. అష్టావధానంలో పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు, ఎనిమిది మంది ఉంటారు. వారిలో అప్రస్తుత ప్రసంగం చేసేవారి పని, అవధాని పద్యం కట్టుకుంటున్న వేళ సంబంధం లేని మాటలతో అతణ్ణి చెదరగొట్టడం. అవధాని కోపం తెచ్చుకోకూడదు, వినబడనట్టు ఉండకూడదు. నవ్వుతూ బదులిచ్చి, విడిచిన చోటికే తిరిగి రావాలి. బడి ప్రసంగాన్ని సిద్ధం చేసుకునే పిల్ల అద్దం ముందు నిలబడటం కన్నా, తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఇష్టం వచ్చినట్టు అడ్డుతగలమని చెప్పడం మేలు. తమ్ముళ్ళకు ఆ పని చెప్పనక్కరలేదేమో. ప్రసంగాన్ని అక్షరం అక్షరం కంఠస్థం చేస్తే ఒక మాట జారగానే అంతా కూలుతుంది. నాలుగు మజిలీలు గుర్తు పెట్టుకుని, వాటి మధ్య దారిని అప్పటికప్పుడు నడిస్తే ఎక్కడ ఆగినా మళ్ళీ బయలుదేరవచ్చు. ఇలాంటి సాధనకు 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ తగిన వేదిక; అందులో పిల్లలు తమ ఊరి సమస్యనే పరిశోధించి, తెలుగులోనే వివరించే వీలుంది. న్యాయనిర్ణేత అడిగినదానికి జవాబు తెలియనప్పుడు, తెలియదండీ, ఇది తెలుసుకోవాలంటే ఇలా కొలవాలనుకుంటున్నానండీ అని చెప్పిన పిల్లకు మార్కులు పోవు. ఏదో ఒకటి అల్లి చెప్పిన పిల్లకు తరవాతి ప్రశ్నలో పోతాయి.

ఫోనును తిట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు. వాట్సాప్‌లో వచ్చిన వార్తను మరొకరికి పంపే ముందు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. సెలవుల్లో వీలైతే 1918లో నెలకొల్పిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్ళి, అక్కడ భద్రపరచిన పాత పత్రికల్లో ఒకే సంఘటనను రెండు పత్రికలు ఎలా రాశాయో పోల్చి చూడాలి. ఒకరు దేనిని ముందు చెప్పారు, మరొకరు దేనిని చెప్పకుండా వదిలారు అన్నది గమనించడానికి ఒక పూట చాలు.

ఈ లేఖకు జవాబు వట్టి కుశల ప్రశ్నలతో రాకూడదు. సీసీఐ తేమ నిబంధనను పది పంక్తులకు మించకుండా తెలుగులో రాసి, పంపే ముందు నాయనమ్మకు చదివి వినిపించాలి. ఆమె మధ్యలో ఆపి అడిగిన ప్రశ్నలను, వాటి వల్ల మార్చవలసి వచ్చిన పంక్తులను కూడా కొట్టివేతలతో సహా అదే కాగితం మీద ఉంచి పంపాలి. శుద్ధప్రతి అక్కరలేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న